ఆర్కిడ్ పూల పరిమళ రహస్యం

సువాసన అనగానే మల్లె, గులాబీ, సంపెంగ మన మనసులో మెదులుతాయి. ఆయా పువ్వులకు ఆయా పరిమళాలు స్థిరపడిపోయాయి. కాని 25,000కు పైబడిన జాతులు గల ఆర్కిడ్ కుటుంబంలో ఈ లెక్క చెల్లదు. మధ్య అమెరికాలో పెరిగే మాక్సిలేరియా టెన్యుఫోలియా పువ్వు కొబ్బరి వాసన వేస్తుంది. ‘షారీ బేబీ’ అనే సంకరజాతి ఆర్కిడ్ చాక్లెట్‌ను తలపిస్తుంది. న్యూగినీ అడవుల్లోని బల్బోఫిలమ్ ఫెలనాప్సిస్ దగ్గరకు వెళితే కుళ్లిన మాంసపు కంపు!

ఇన్ని వాసనలు ఎందుకు? మొక్క కదలలేదు. దాని పుప్పొడిని మరో పువ్వుకు చేర్చే ప్రాణి కావాలి. ఎవరిని పిలవాలో వాసనే నిర్ణయిస్తుంది. కుళ్లు కంపు ఈగలను రప్పిస్తుంది. మడగాస్కర్‌లోని ఆంగ్రేకమ్ సెస్క్విపెడేల్ అనే తెల్లని పువ్వు రాత్రివేళ గుబాళిస్తుంది. దాని మకరందం సుమారు 30 సెంటీమీటర్ల పొడవైన గొట్టం అడుగున ఉంటుంది. అంత పొడవైన తొండంగల చిమ్మట ఉండి తీరాలని 1862లో చార్లెస్ డార్విన్ రాశాడు. అలాంటి చిమ్మటను శాస్త్రజ్ఞులు 1903లో వర్ణించారు.

అన్నింటికన్నా విచిత్రం అమెరికా ఉష్ణమండల అడవుల్లో కనిపిస్తుంది. అక్కడి యూగ్లోసిన్ జాతి మగ తేనెటీగలు స్టాన్‌హోపియా ఆర్కిడ్లపై వాలేది తేనె కోసం కాదు. ఆ పువ్వుల్లో తేనే ఉండదు. అవి సుగంధద్రవ్యాన్ని ముందుకాళ్లతో గీకి, వెనుక కాళ్లలోని సంచుల్లో దాచుకుంటాయి. పలుచోట్ల సేకరించిన వాసనలను కలుపుకొని, ఆ మిశ్రమాన్ని జత కోసం వెదజల్లుతాయి. దీన్ని అత్తరు తయారీతో పోలిస్తే అతిశయోక్తి అని మేము అనుకోము.

ఈ కుటుంబంతో మన ఇళ్లకూ ఒక బంధం ఉంది. యునానీ వైద్యంలో వాడే సాలబ్ మిస్రీ, తుర్కియేలో చలికాలం పాలలో కాచి తాగే సాలెప్, రెండూ నేల ఆర్కిడ్ల దుంపలే. కిలో పొడికి వెయ్యికి పైగా దుంపలు కావాలి. దుంప తవ్వితే ఆ మొక్క ఇక ఉండదు. పోయిన మొక్క స్థానంలో మరొకటి రావడమూ సులభం కాదు. ధూళివంటి ఆర్కిడ్ విత్తనంలో మొలకకు ఆహారం నిల్వ ఉండదు. నేలలో తగిన శిలీంధ్రం తోడైతేనే అది మొలుస్తుంది. పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తుర్కియే సాలెప్ ఎగుమతిని నిషేధించింది.

సాలబ్ కొనవలసి వచ్చినప్పుడు అది సాగుచేసినదా, అడవిలో తవ్వినదా అని అడుగుదాం. జవాబు దొరకకపోతే, బదులుగా వాడదగిన మందేదైనా ఉందేమో హకీమ్‌ను సంప్రదిద్దాం. విత్తనం కోసం ఇంత పరిమళాన్ని వెదజల్లే మొక్కను విత్తనం రాకముందే పెకలించడం న్యాయం కాదు.