మన నల్లరేగడి ఎక్కడిది?



సత్తెనపల్లి ప్రాంతమున ఒకే పొలములో పల్లము నల్లరేగడిగాను, మెరక ఎర్రనేలగాను ఉండుట మీరెరిగినదే. రేగడిలో ప్రత్తి ఏపుగా పెరుగును. ఆ రేగడిలోనే నీరు నిలిచినచో మిరప వడలిపోవును. దీని కారణము తెలియవలెనన్న దక్కను పీఠభూమి పుట్టుకను తెలిసికొనవలెను.

భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి మెల్లగా కదలుచున్నది. మన దేశమున్న పలక పూర్వము ఆఫ్రికా, మడగాస్కరు, అంటార్కిటికాలతో కలిసియుండి, పిదప విడివడి ఉత్తరమునకు సాగినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పడమటి భాగమున నేల బీటలువారి, కరగిన రాయి వెల్లువలుగా పొంగినది. అది పొరమీద పొరగా గట్టిపడి, వేల అడుగుల మందమున మహారాష్ట్రలోని నల్లరాయి అయినది. అందొక పాయ రాజమహేంద్రవరము వరకు వచ్చినది. కాని సత్తెనపల్లి నేల క్రింద ఆ రాయి లేదు.

పీఠభూమి పడమటి అంచు పైకి లేచి, నేల తూర్పునకు వాలినది. మహాబలేశ్వరము వద్ద పుట్టిన కృష్ణకు పడమటి సముద్రము సుమారు 64 కిలోమీటర్లే. అయినను ఆ నది ఈ వాలునుబట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, హంసలదీవి వద్ద బంగాళాఖాతమున కలియుచున్నది.

పిడుగురాళ్ళ, మాచర్ల ప్రాంతముల సున్నపురాయి ఈ నల్లరాయికంటె ఎంతో పాతది. ఒకనాటి లోతులేని సముద్రపు అడుగున పేరిన పొరలవి. తూర్పునుండి కలిగిన ఒత్తిడికి అట్టి పొరలే ముడుతలు పడి నల్లమల కొండలైనవి.

మరి మన రేగడి ఎట్లు వచ్చినది? ఈ ప్రాంతపు పురాతన శిలలు ఎండకు, వానకు చివికి మన్నైనవి. అందలి సున్నము, మెగ్నీషియము వాన నీటితో పల్లమునకు దిగినవి. వర్షము తక్కువగుటచే అవి పూర్తిగా కొట్టుకొనిపోక అచటనే నిలిచి, జిగట బంకమన్ను ఏర్పడుటకు తోడ్పడినవి. కృష్ణ ఒడ్డు గ్రామములలో నది తెచ్చిన ఒండ్రు కూడ చేరినది. ఈ బంకమన్ను తడిసిన ఉబ్బును, ఎండిన నెరలు విచ్చును. ఉబ్బినప్పుడు సందులు మూసికొనిపోయి నీరు లోనికి దిగదు. మిరప వేళ్ళకు గాలి అందకపోవుట ఇందువలననే.

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదలిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైనది. మితిమీరి పెట్టిన నీరు రేగడిలో నిలిచి, లోని లవణములను పైకి తెచ్చును. నేల చవుడు బారును.

కావున పైరు వేయుటకు ముందు పల్లమున ఒకటి, మెరకన ఒకటి మూడడుగుల గుంటలు త్రవ్వి చూడుడు. తెల్లని గడ్డలు కనబడిన నిమ్మరసము పిండుడు. నురుగు వచ్చిన అది సున్నము. మూడడుగుల వరకు రేగడియే ఉన్నచో ప్రత్తికి అనుకూలము. అట్టి నేలలో మిరప వేయదలచిన, వాలు వెంబడి మురుగుకాలువలు తీసి, బోదెలపై నాటవలెను. రాయి పైకే తగిలిన, ఆ నేల తేమను ఎక్కువ కాలము నిలుపలేదని గ్రహించి, స్వల్పకాలపు పైరు వేయుడు.

నేల వాలును మనము మార్చలేము. ఆ వాలును అనుసరించి నీటిని నడిపించుట మాత్రము మన చేతిలోని పని.