తొలి పుస్తకం: రాతప్రతి నుంచి పాఠకుడి దాకా

తెలుగులో కొత్త రచయిత పుస్తకం మూడు దారుల్లో వెలువడుతుంది. ప్రచురణ సంస్థ తన ఖర్చుతో వేయడం మొదటిది. రచయిత సొంత డబ్బుతో అచ్చు వేయించుకోవడం రెండోది. ఏదైనా సంస్థ ఇచ్చే ఆర్థిక సహాయంతో తేవడం మూడోది. కథలు, కవిత్వం రాసేవారిలో ఎక్కువమంది నడిచేది రెండో దారిలోనే. దారి ఏదైనా, పుస్తకం నిలబడేది అచ్చుకు ముందు దానిమీద పెట్టిన శ్రద్ధను బట్టే.

పత్రికే తొలి మెట్టు

పుస్తకానికి ముందు రచన పత్రికల్లో రావడం తెలుగులో పాత ఆనవాయితీ. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని కవితల్లో ఎక్కువభాగం 1930లలో రాసినవి, పుస్తకం వచ్చింది 1950లో. ఇప్పుడు దినపత్రికల ఆదివారం అనుబంధాలు, సాహిత్య మాసపత్రికలు, 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ వంటి అంతర్జాల పత్రికలు కొత్తవారి రచనలు తీసుకుంటున్నాయి. పత్రికలో అచ్చయిన రచనకు ఒక సంపాదకుడి చూపు, కొందరు పాఠకుల స్పందన అప్పటికే దక్కి ఉంటాయి. ప్రచురణకర్త మొదట అడిగేది కూడా ఇంతకుముందు ఎక్కడ రాశారనే.

ప్రచురణ సంస్థను ఎంచుకోవడం

ప్రతి సంస్థకూ ఒక అభిరుచి ఉంటుంది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ సామాజిక అంశాలకు, అనువాదాలకు పేరుపొందింది. విశాలాంధ్ర, ప్రజాశక్తి వామపక్ష, అభ్యుదయ సాహిత్యానికి పెద్దపీట వేస్తాయి. ఎమెస్కో పరిధి విస్తృతం. ఛాయ, అన్వీక్షికి వంటివి కొత్త రచయితల పుస్తకాలు తెస్తున్నాయి. సంస్థ ఇటీవల వేసిన నాలుగైదు పుస్తకాలు చదివితే తన రచన అక్కడ ఇముడుతుందో లేదో రచయితకే తెలుస్తుంది. రచన దేని గురించో చెప్పే ఒక పేజీ పరిచయం, అచ్చయిన రచనల జాబితా, పూర్తి రాతప్రతి యూనికోడ్ ఫైలు జతచేసి పంపడం మంచి పద్ధతి.

సంస్థ ఒప్పుకుంటే షరతులన్నీ కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన పూర్తయిన క్షణం నుంచే హక్కు రచయితది. అందుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కు మరొకరికి బదిలీ కావాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక ఒప్పందం కావాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం లెక్కవేస్తుంది. ఎన్ని కాపీలు, రాయల్టీ ఎంత, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు ఎవరివి అన్నవి విడివిడిగా రాసుకోవాలి. అన్ని హక్కులూ శాశ్వతంగా ఇచ్చేస్తున్నట్టున్న కాగితం మీద తొందరపడి సంతకం చేయకూడదు.

సొంతంగా వేస్తే

సొంత ప్రచురణలో రచయితే ప్రచురణకర్త. పనులు వరుసగా సంపాదకత్వం, డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, అచ్చు, బైండింగ్. తెలుగులో చాలాచోట్ల పేజీలు ఇప్పటికీ యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోనే కూరుస్తారు. యూనికోడ్ ఫైలును ఆ ఫాంట్లలోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు, సంయుక్తాక్షరాలు దెబ్బతింటాయి. అందుకే పేజీలు కట్టాక కనీసం రెండుసార్లు ప్రూఫులు చూడాలి. ఒకసారైనా రచయిత కాకుండా మరొకరు చూడాలి. తన వాక్యం తనకు కంఠతా వచ్చి ఉంటుంది కనుక అందులోని తప్పు రచయిత కంటికి ఆనదు.

కథల పుస్తకాలకు, నవలలకు డెమీ 1/8 సైజు ఎక్కువగా వాడతారు. అచ్చు లెక్క ఫారాల్లో సాగుతుంది. ఫారానికి 16 పేజీలు. 160 పేజీల పుస్తకం సరిగ్గా 10 ఫారాలు. 163 పేజీలైతే ఆ మూడు పేజీల కోసం మరో ఫారం వేయాలి, లేదా సర్దుబాటు చేయాలి.

వెల నిర్ణయంలో అమ్మేవారికిచ్చే కమీషన్ కీలకం. ఉదాహరణకు 300 కాపీలకు ఒక్కోదానికి 70 రూపాయల చొప్పున అచ్చు ఖర్చు 21,000 అయిందనుకుంటే, వెల 200 పెట్టి 40 శాతం కమీషన్ పోగా కాపీకి చేతికొచ్చేది 120. అచ్చు ఖర్చు రాబట్టుకోవడానికే 175 కాపీలు అమ్ముడవ్వాలి. డీటీపీ, ముఖచిత్రం, ఉచితంగా పంచే ప్రతులు, ఆవిష్కరణ సభ ఈ లెక్కలో లేవు. ఒకేసారి వెయ్యి కాపీలు వేసి అటకెక్కించడం కంటే తక్కువ వేసి, అవసరమైతే మలి ముద్రణకు వెళ్లడం మేలు. అడిగినప్పుడే అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతి ఇందుకు వీలు కల్పించింది.

సహాయం కూడా వెతుక్కోవచ్చు. ఆధ్యాత్మిక, ధార్మిక గ్రంథాల ముద్రణకు తిరుమల తిరుపతి దేవస్థానం ఆర్థిక సహాయం ఇస్తుంది. 2021లో ప్రారంభమై నేషనల్ బుక్ ట్రస్ట్ అమలుచేసిన పీఎం-యువ పథకం 30 ఏళ్లలోపు రచయితలను పోటీ ద్వారా ఎంపిక చేసి శిక్షణ, ఉపకార వేతనం ఇచ్చింది.

సంఖ్య, అమ్మకం, భద్రత

పుస్తకానికి 13 అంకెల ఐఎస్‌బీఎన్ ఉంటే దుకాణాలకు, గ్రంథాలయాలకు దాన్ని గుర్తించడం సులువు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దీన్ని ఉచితంగా ఇస్తుంది. సొంత ప్రచురణ చేసే రచయిత కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. టైటిల్ పేజీ వెనుక ప్రథమ ముద్రణ నెల, సంవత్సరం, కాపీరైట్, వెల, ముద్రణాలయం, ‘ప్రతులకు’ అన్న చిరునామా స్పష్టంగా ఉండాలి.

అమ్మకానికి పంపిణీదారులు, ఆన్‌లైన్ దుకాణాలతో పాటు విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలు పెద్ద ఆసరా. ఆవిష్కరణ తేదీని వాటికి దగ్గరగా పెట్టుకుంటే ప్రయోజనం. పత్రికల సమీక్షా శీర్షికలకు మామూలుగా రెండేసి ప్రతులు పంపుతారు.

చివరి పని చాలామంది మరచిపోయేది. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్త, అంటే సొంత ప్రచురణలో రచయితే, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. అచ్చువేసిన 300 కాపీలూ చెల్లిపోయినా, మరో యాభై ఏళ్లకు ఎవరైనా ఆ పుస్తకం కోసం వెతికితే దొరికే చోటు ఆ గ్రంథాలయాలే.