గోదావరి పొంగకముందే ఇల్లు సర్దడం: ఏవి బండి ఎక్కుతాయి, ఏవి అటక మీదకు చేరతాయి?

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ప్రజలు ఇంటి సామాను ఎప్పుడు మూట కట్టాలో ఈ అంకెలను బట్టే నిర్ణయించుకుంటారు. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 నాటి 75.6 అడుగుల వరద తర్వాత అంతటి మట్టం అదే.

గోదావరి ఒక్కటే అయితే గట్టు వైపు చూస్తే చాలు. కానీ కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తంతుంది. అందువల్ల వాన వెలిసిన ఊళ్లోకి కూడా నీరు వస్తుంది, ముందు దారులు మునుగుతాయి. ట్రాక్టరు వెళ్లగలిగే రోడ్డు ఉండగానే సామాను కదిలించాలి.

ముందుగా బయటకు వెళ్లేవి కాగితాలు: పట్టాదారు పాసుపుస్తకం, అటవీ హక్కుల పట్టా, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం. ఆధార్‌ను ఆన్‌లైన్‌లో మళ్లీ తీసుకోవచ్చు. భూమి కాగితం తడిసి చిరిగితే మాత్రం కార్యాలయాల చుట్టూ తిరగక తప్పదు. తర్వాత బియ్యం, పప్పు, మందులు, విత్తనాలు. బీరువా, మంచం వంటివి అక్కడే ఉంటాయి. కింది అరలు ఖాళీ చేసి బట్టలు అటక మీదకు చేరుస్తారు. పశువులను ముందే మెరకకు తోలుకెళ్తారు, వీలుకాకపోతే పలుపు విప్పేస్తారు. కట్టేసి ఉన్న పశువుకు ఈదే అవకాశం ఉండదు.

మునిగిపోయే ఇంటిని ఊడ్చడం ఎందుకన్న ప్రశ్న సహజమే. మిగిలిన అన్నం, చెదిరిన గింజలు నీటిలో కుళ్లుతాయి. తేలే చెక్కలు తలుపులకు అడ్డుపడతాయి. పురుగుమందు డబ్బా ఒక్కటి ఒరిగినా ఆ నీరు బావిలోకి చేరుతుంది. కాబట్టి ఊడ్చి, మందు డబ్బాలు పైకెక్కించి, మెయిన్ స్విచ్ కట్టేసి, గ్యాస్ రెగ్యులేటర్ తీసేసిన తర్వాతే తాళం వేస్తారు.

తిరిగి వచ్చాక మరో శుభ్రత మొదలవుతుంది. ఒండ్రు తడిగా ఉండగానే చీపురుతో, నీటితో తోసేయాలి. ఎండితే పార పట్టాల్సిందే. మూలల్లో పాములుంటాయి కనుక ముందు కర్రతో కదిపి చూస్తారు. బావినీటిలో క్లోరిన్ వేసేదాకా తాగరు.

ఈ మండలాల్లో మరో రకం సర్దుడు కూడా ఉంది. పోలవరం జలాశయం ముంపు గ్రామాలు ఖాళీ చేసేటప్పుడు ద్వారబంధాలు, కిటికీలు, పెంకులు సైతం ఊడదీసి పునరావాస కాలనీకి తరలిస్తారు. ఆ ఇంటికి తాళం అవసరం లేదు. పరిహారం తొలి దశలో 41.15 మీటర్ల మట్టానికి, తర్వాత పూర్తి నిల్వ మట్టమైన 45.72 మీటర్లకు లెక్కిస్తుండటంతో, ఈ రెండు గీతల మధ్య ఉన్న కుటుంబాలు ఏటా మూట కట్టుకుంటున్నాయి, నీరు తీయగానే మళ్లీ ఆ ఇంటికే వస్తున్నాయి. 2022 వరద తర్వాత వారి డిమాండ్ ఒక్కటే: తమ ఊరిని కూడా తొలి దశలో చేర్చాలని.