కడప బండలో కడలి ఊపిరి

ఖాజీపేట, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు... ఏ ఊళ్లో ఇంటి గడప దాటినా కాళ్ల కింద నాపరాళ్లే. ఆ బండలు ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు బురద అంటే ఆశ్చర్యంగా ఉంటుంది కదూ!

అంతకంటే ఎంతో పాత సముద్రం జాడలు వేంపల్లె రాళ్లలో ఉన్నాయి. పులివెందుల దగ్గర ఆ రాళ్లకు పైనున్న పొరల్లోకి చొరబడి గడ్డకట్టిన శిలాద్రవం వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు! వేంపల్లె రాళ్లలో ఉల్లిపొరల్లా కనిపించే గుబ్బలే స్ట్రొమాటొలైట్లు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టుకున్న గూళ్లవి. భూమికి మొదట ఆక్సిజన్ అందించింది ఇలాంటి జీవులే.

ఊపిరాడక...

ఆ ఆక్సిజనే కరవైతే? 25.2 కోట్ల ఏళ్ల కిందట అదే జరిగింది. సైబీరియాలో అగ్నిపర్వతాలు లక్షల ఏళ్ల పాటు లావా కక్కాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగి సముద్రాలు వేడెక్కాయి. వేడినీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. పైగా వేడినీరు మీదే తేలి ఉండటంతో కింది నీటికి గాలి అందదు. 2018లో వెలువడ్డ ఓ అధ్యయనం ప్రకారం నాటి సముద్రాలు మూడొంతుల ఆక్సిజన్ పోగొట్టుకున్నాయి. సముద్రజీవుల్లో నూటికి తొంభై జాతుల దాకా అంతరించాయి.

ఇదంతా ఎలా తెలిసింది? ఒక సాక్షి యురేనియం. ఆక్సిజన్ ఉన్న నీటిలో కరిగి ఉండే ఈ లోహం, అది లేనిచోట అడుగున చేరుతుంది. పాత సున్నపు రాళ్లలో యురేనియం తీరును బట్టి అప్పటి సముద్రం ఊపిరిని లెక్కగడతారు. మన తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నదీ వేంపల్లె సముద్రపు రాళ్లలోంచే!

పెన్నా చేరే చోట

పాత కథేగా అనుకోవద్దు. 1960 నుంచి ఇప్పటికి ప్రపంచ సముద్రాల్లో ఆక్సిజన్ రెండు శాతానికి పైగా తగ్గింది. బంగాళాఖాతంలో వంద నుంచి నాలుగు వందల మీటర్ల లోతున, దాదాపు 60 వేల చదరపు కిలోమీటర్ల మేర ఆక్సిజన్ లేశమాత్రంగానే ఉందని గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థతో కలిసి పనిచేసిన పరిశోధకులు 2016లో తేల్చారు. వేడి ఒక కారణమైతే, నదులు మోసుకెళ్లే ఎరువులు మరో ప్రమాదం. ఎరువుతో నాచు పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తుంది.

గండికోటను చుట్టి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగే పెన్నా చివరికి కలిసేది ఆ బంగాళాఖాతంలోనే. చేలో చల్లే ఎరువు అవసరమైనంతే వేస్తే రైతుకు ఖర్చు తగ్గుతుంది... కడలికి ఊపిరీ మిగులుతుంది.