పూతకు మిగిల్చిన నీళ్లు

పొద్దుతిరుగుడును ఆరుతడి పంటల్లో కలిపేసి, నీళ్లు తక్కువైనా నెట్టుకొస్తుందిలే అని చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ మాటలో సగమే నిజం. నల్లరేగడిలో దీని వేరు రెండు మీటర్ల దాకా దిగి, బెట్టలోనూ పైరును నిలబెడుతుంది. కానీ మొక్క బతకడం వేరు, గింజ నిండడం వేరు. బోరులో రెండు మూడు తడులకే నీళ్లున్న రైతు వాటిని ఏ రోజుల కోసం దాచుకున్నాడన్నదాన్ని బట్టే పంట బరువు తేలుతుంది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లోనే నీటి కొరతకూ దిగుబడికీ ఉన్న లంకెను పంటలవారీగా అంకెల్లో పెట్టింది. పొద్దుతిరుగుడుకు తొలి ఎదుగుదలలో ఆ గుణకం 0.25. పూతలో 1.0, గింజ కట్టేటప్పుడు 0.8. అంటే పైరు వాడుకోవాల్సిన నీటిలో 20 శాతం కోత మొదట్లో పడితే దిగుబడి 5 శాతం తగ్గుతుంది. అదే కోత పూతలో పడితే 20 శాతం పోతుంది. విత్తిన నెలకు అటూఇటుగా వచ్చే మొగ్గ దశలో పువ్వులో ఎన్ని గింజలకు చోటుండాలో ఖాయమవుతుంది. దాదాపు రెండు నెలలకు వచ్చే పూతలో వాటిలో ఎన్ని నిలుస్తాయో, ఆపై వారాల్లో ఎంత నూనె పడుతుందో తేలుతుంది. పూతలో బెట్ట తగిలితే పువ్వు నడిమి భాగం తాలుగా మిగులుతుంది, తర్వాత ఎంత పారించినా ఆ తాలు గింజ కాదు. పైగా నీళ్లు దొరికితే ఈ పంటకు పొదుపు తెలియదు. ఆకులు విప్పార్చి తోడేస్తుంది. తొలి నెలలో వారం వారం పారించిన చేలో కనిపించే ముదురు పచ్చదనం, పూత నాటికి మరింత దాహమే.

మొదట్లో తడి ఆపితే పైరు గిడసబారదా? మొలకకు తేమ తప్పనిసరి. మొలక పలచబడితే ఏ తడీ ఆ లోటు పూడ్చదు. మొలిచాక మొగ్గ దాకా ఆగడం రేగడిలో చెల్లుతుంది, లోతులేని ఎర్రనేలలో చెల్లదు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: తడి రోజు రైతు చేతిలో ఉందా? కేసీ కెనాల్ వంటి కాలువ కింద నీటి వంతు, బోరు కింద కరెంటు వేళ అతని మాట వినవు. నిజమే. అతని చేతిలో ఉన్నవి విత్తే తేదీ, విత్తే విస్తీర్ణం. ఫిబ్రవరిలో విత్తితే పూత ఏప్రిల్‌లో, బోర్లు అడుగంటే వేళకు వస్తుంది. ఎకరాకు 50 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు. విత్తేనాడు బోరు మూడెకరాలు పారిస్తోందని మూడూ విత్తడం తప్పు లెక్క. ఏప్రిల్‌లో రెండెకరాలకే అందేట్టయితే రెండే విత్తాలి. ఎకరం బీడు పెట్టడం నష్టం కాదా అంటే, నష్టమే. విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు మూడెకరాలకూ పెట్టి పూతలో మూడింటినీ ఎండగట్టడం అంతకు మించిన నష్టం. ఇక కాలువ కింది రైతు ఈ లెక్క వేసుకోవాలంటే, నీళ్లు వదిలే తేదీని చాటినంత గట్టిగా కట్టేసే తేదీని కూడా అధికారులు విత్తుకు ముందే చాటాలి.