ప్రకటనల బొమ్మలలో అల్లిక పని – నిజమెంత?

నేటి కాలం ప్రకటనల కాలం. గోడ మీద, పత్రికలో, చేతిలోని ఫోనులో, ఎటు చూసినా ఏదో ఒక వస్తువును కొనుమని చెప్పే బొమ్మ కనిపిస్తూనే ఉన్నది. ఆ బొమ్మలు వస్తువును గురించి అతిశయోక్తులు చెప్పడం అందరూ ఎరిగినదే. కాని ఆ వస్తువును చేసిన చేతిని గురించి, చేసిన పనిముట్టును గురించి కూడా అవి అసత్యం చెప్పగలవన్న సంగతిని చాలామంది గమనించరు. అల్లిక పనికి సంబంధించిన ప్రకటనలలో ఈ దోషం మరీ ఎక్కువ. ఆ విషయాన్నే ఈ వ్యాసంలో వివరించదలచినాము.

ఒకనాడు జగదాంబ కూడలిలో బస్సు కోసం నిలబడి ఉండగా ఒక దుకాణం వారి పెద్ద ప్రకటన మా కంటబడింది. ఒక యువతి చేతిలో రెండు పొడవైన సూదులు, ఒడిలో ఒక తెల్లని అల్లిక, పక్కన దారపు ఉండ. "చేతి అల్లికలోని ప్రేమ" అని కింద వ్రాసి ఉన్నది. మాకు బొమ్మ బాగుందనిపించింది. మాతో వచ్చిన నానీమా మాత్రం కాసేపు దానివంక చూసి, "ఈ పిల్ల ఏమీ అల్లడం లేదు బేటీ! ఒడిలో ఉన్నది క్రోషియా పని, చేతిలో ఉన్నవి స్వెటరు సలాయీలు. వాటి మీద ఒక్క ఫందా కూడా లేదు" అన్నది. యాభై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ నమాజు టోపీలు అల్లిన చేతులు ఆమెవి. ఆమె ఒక్క చూపులో పట్టుకున్న తప్పును మేము పది నిమిషాలు చూసి కూడా పట్టుకోలేకపోయినాము. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం.

మొదట ఈ రెండు పనులకు గల భేదం తెలియాలి. స్వెటరు అల్లికకు సాధారణంగా రెండు సూదులు కావలెను. ఒక వరుసలోని ఉచ్చులన్నీ, ఉర్దూలో ఫందాలన్నీ, ఒకేసారి సూది మీద నిలిచి ఉంటవి. ఒక్కొక్క ఉచ్చులో నుంచి కొత్త ఉచ్చును లాగి రెండవ సూది మీదికి చేర్చుతూ పోవడమే పని. పొరపాటున ఒక ఉచ్చు జారితే దాని కింద ఉన్నవి కూడా నిచ్చెన మెట్లవలె వరుసగా విడిపోవును. క్రోషియాకు ఒకే సూది చాలు. దాని కొన కొక్కెం వలె వంగి ఉంటుంది. మామూలు క్రోషియా పనిలో ఒక్కొక్క కుట్టు అప్పటికప్పుడే పూర్తి అగును గనుక, కుట్టు ముగిసిన తరువాత కొక్కెం మీద మిగిలేది ఒకే ఒక్క ఉచ్చు. అందుచేత క్రోషియాతో గుండ్రంగాను, చదరంగాను, పువ్వులాగాను ఏ దిశలోనైనా అల్లుకుంటూ పోవచ్చును. అల్లిన బట్టలో కూడా ఈ భేదం కనిపిస్తుంది. స్వెటరు ముఖం మీద చిన్న చిన్న కొణికెలు నిలువు వరుసలుగా అమరి ఉంటవి. క్రోషియాలో గొలుసులు, వాటి నడుమ ఖాళీలు, నిలువు కాడలు కనిపిస్తవి.

ఇంత స్పష్టమైన భేదం ఉండగా ప్రకటనలలో ఏమి చూపుతున్నారు? క్రోషియా టోపీ పక్కన స్వెటరు సూదులు పెడతారు. సూదులను తలకిందులుగా పట్టిస్తారు. ఉచ్చులు లేని సూదులను, పూర్తయిన బట్టలో ఊరకే గుచ్చుతారు. ఒడిలోని అల్లిక సన్నని నూలుది, పక్కనున్న ఉండ లావు ఉన్నిది. ఆ ఉండ నుంచి వచ్చిన దారం ఎక్కడికీ చేరదు. క్రోషియా సూదిని కలము వలె పట్టుకున్న చేయి ఉంటుంది గాని, కొక్కెంలో దారం ఉండదు. పాత చలనచిత్రాలలో తల్లి కాబోయే కథానాయిక చిన్న స్వెటరు అల్లుతూ కనిపించేది. సూదులు కదిలేవే గాని స్వెటరు ఒక్క వరుస కూడా పెరిగేది కాదు.

ఇందులో దురుద్దేశం లేకపోవచ్చును. బొమ్మ తీసేవారికి పని తెలియదు. పని తెలిసినవారిని పిలిచి అడగాలన్న ఆలోచన రాదు. ఎందుకు రాదు అన్నదే అసలు ప్రశ్న. మనది ఓడరేవు నగరం. 1933లో ఇక్కడి రేవు ఓడలకు తెరువబడింది. మనది ఉక్కు నగరం. ఎందరో ప్రాణాలర్పించిన ఉద్యమం తరువాత 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ముఖానికి కవచం లేకుండా వెల్డింగు చేస్తున్న మనిషిని ఒక ప్రకటనలో చూపితే ఈ ఊరిలో వీధి వీధినా నవ్వుతారు. అది ప్రమాదకరమైన పని, నేర్చుకోవలసిన పని అని అందరికీ తెలుసు. అల్లికను మాత్రం పనిగా ఎవరూ లెక్కించరు. అది ఇంటిలో ఆడవారి కాలక్షేపం అనుకుంటారు. కాలక్షేపంలో తప్పొప్పులు ఎవరు చూస్తారు?

ఈ అభిప్రాయం ఎంత పొరపాటో తెలుసుకొనుటకు దూరం పోనక్కరలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, దాని చుట్టుపట్ల గ్రామాలు క్రోషియా లేసుకు ప్రసిద్ధి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ పని అక్కడికి వచ్చింది. మొదట పేద క్రైస్తవ స్త్రీలు నేర్చుకున్నారు. క్రమంగా ఇతర కులాల ఇళ్లకు, ముఖ్యంగా కాపుల ఇళ్లకు వ్యాపించింది. అక్కడి మేజా గుడ్డలు, తెరలు విదేశాలకు ఎగుమతి అయినవి. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఆ గ్రామాలలో పరిశోధన చేసి, 1982లో ఆ స్త్రీలను గురించి ఒక గ్రంథం ప్రకటించింది. లోకమంతటికీ సరుకు తయారు చేస్తున్న ఈ స్త్రీలను సమాజం కార్మికులుగా గుర్తించలేదని, ఇంటిపట్టున ఉండే గృహిణులుగానే లెక్కించిందని, అందువల్లనే వారి కూలి అతి స్వల్పంగా ఉండిపోయిందని ఆమె నిరూపించింది. వ్యాపారమూ, ఎగుమతీ పురుషుల చేతులలో ఉండగా, అల్లిక మాత్రం స్త్రీలది. పరదా, ఘోషా గల ఇళ్ల సంగతి తెలిసిన మనకు ఈ కథ కొత్తది కాదు. గడప దాటని చేతి పనికి బజారులో పేరు లేదు.

ఆ లేసు తయారయ్యే విధానం కూడా ప్రకటనల బొమ్మకు విరుద్ధం. బొమ్మలో ఒక స్త్రీ ఒంటరిగా కూర్చుండి పెద్ద గుడ్డనంతా అల్లుతూ ఉంటుంది. నరసాపురం ప్రాంతంలో ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లవచ్చును. ఆ పువ్వులను ఒకదానితో ఒకటి కలిపే అతుకుపని మరొక స్త్రీది. దారం ఇచ్చి, అల్లినది తీసుకుపోయే మధ్యవర్తులు వేరు. మన బల్ల మీద పరచిన ఒక్క గుడ్డ ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చినదో బొమ్మ చెప్పదు.

ఇంకొక ముఖ్య విషయం గలదు. స్వెటరు అల్లికను యంత్రం ఏనాడో నేర్చుకున్నది. ఇంగ్లండులో విలియం లీ 1589లోనే మేజోళ్లు అల్లే యంత్రాన్ని కనిపెట్టినాడు. మనం నిత్యం తొడుక్కునే బనియను ఆ వంశపు యంత్రాల మీద అల్లినదే. కాని అసలైన క్రోషియాను అల్లి బజారుకు అందించే యంత్రం వాడుకలో లేదు. రాషెల్ వంటి యంత్రాలు క్రోషియాను పోలిన లేసును తయారు చేయగలవు. అది పోలిక మాత్రమే, దాని అల్లిక వేరు. కనుక నిజమైన క్రోషియా వస్తువు బజారులో ఎక్కడ కనిపించినా, దాని ప్రతి కుట్టునూ ఒక మనిషి చేయి వేసినదే. అటువంటి వస్తువు మరీ చవకగా దొరికినదంటే, ఆ చవక ఎవరి కూలిలో నుంచి వచ్చినదో ఆలోచించవలెను.

ఇప్పుడు ప్రకటనలోని తప్పు చిన్నది కాదని తెలుస్తుంది. యంత్రపు లేసు పక్కన క్రోషియా సూది పెట్టి చూపితే, కొనేవాడు దానిని చేతిపని అనుకుంటాడు. క్రోషియా పక్కన స్వెటరు సూదులు పెట్టి చూపితే, రెండూ ఒకటే అనుకుంటాడు. రెండు విధాలా నష్టపోయేది చేతితో అల్లిన స్త్రీయే. వస్తువును గురించి అసత్యంగా వర్ణించే ప్రకటనను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనగా పరిగణిస్తున్నది. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరును ఇతరులు వాడుకోకుండా ఇది కాపాడగలదు. కాని కొనేవారి కంటికి అసలు, నకలు తెలియనప్పుడు ముద్ర ఒక్కటే ఎంతవరకు కాపాడగలదు?

పైగా ఇటీవల కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు కూడా వస్తున్నవి. వాటిలో దారం మొదలూ తుదీ లేకుండా తిరుగుతుంది. ఏ సూదితోను అల్లడానికి వీలుకాని పువ్వులు వికసిస్తవి. కెమెరా ముందు కనీసం ఒక నిజమైన టోపీ ఉండేది. ఇక్కడ అదీ లేదు.

పాఠకులు చేయదగిన పని కష్టమైనది కాదు. క్రోషియా పువ్వును కొనేటప్పుడు తిరగవేసి చూడండి. దారం నడుమ మొదలై చుట్టూ తిరిగినదా? చివరి కొస వెనుకవైపు కుట్లలో దాచబడి ఉన్నదా? కుట్లలో మనిషి చేతికి సహజమైన స్వల్ప భేదం ఉన్నదా? యంత్రపు పట్టీ ఐతే నిడివిగా సాగిపోయి, కత్తిరించిన చోట అంచు విడిపోవచ్చును. అంతకన్న మంచి మార్గం మరొకటి ఉన్నది. మన ఇళ్లలో నానీమాలు, దాదీమాలు, అమ్మమ్మలు ఉన్నారు. వారి పక్కన ఒక గంట కూర్చుండి పది కుట్లు నేర్చుకొనండి. మేము ఆ పని చేసినాము. మా మొదటి టోపీ ఎవరి తలకూ సరిపోలేదు. కాని ఆ తరువాత జగదాంబ కూడలిలోని ఆ ప్రకటనను చూసినప్పుడు, యువతి చేతిలోని సూదులు ఖాళీగా ఉన్నవన్న సంగతి మాకు ఎవరూ చెప్పవలసిన అవసరం లేకపోయింది.