నెట్ క్వాలిఫై అయితే పీహెచ్‌డీ సీటు వచ్చేసినట్టేనా? సీటు, ఫెలోషిప్ ఎవరి చేతుల్లో ఉంటాయంటే..

యూజీసీ నెట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ తెలుగు రాష్ట్రాల విద్యార్థుల్లో ఒకటే డౌట్. "క్వాలిఫై అయ్యాను కదా, ఇక పీహెచ్‌డీ సీటు గ్యారంటీయేనా? నెలనెలా ఫెలోషిప్ వస్తుందా?" రెండింటికీ సమాధానం ఒకటే. గ్యారంటీ లేదు. ఎందుకంటే పరీక్ష పెట్టేది ఒకరు, రూల్స్ పెట్టేది ఇంకొకరు, సీటు ఇచ్చేది మరొకరు. ఈ లెక్క ముందే తెలియకపోతే ఏడాది కష్టం వృథా అయ్యే ప్రమాదం ఉంది. అదెలాగో చూద్దాం.

మీ కేటగిరీ ఏది?

నెట్ స్కోరుతో పీహెచ్‌డీ అడ్మిషన్లు ఇచ్చుకోవచ్చని యూజీసీ 2024 మార్చిలో ప్రకటించింది. 2024-25 విద్యా సంవత్సరం నుంచి ఇది అమల్లోకి వచ్చింది. క్వాలిఫై అయినవాళ్లను మూడు కేటగిరీలుగా విడదీశారు.

మొదటి కేటగిరీ వాళ్లకు జేఆర్ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ అడ్మిషన్ అర్హత మూడూ ఉంటాయి. రెండో కేటగిరీ వాళ్లకు జేఆర్ఎఫ్ ఉండదు, మిగతా రెండూ ఉంటాయి. మూడో కేటగిరీకి పీహెచ్‌డీ అడ్మిషన్ అర్హత మాత్రమే.

జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లను ఇంటర్వ్యూ ఆధారంగా తీసుకుంటారు. మిగతా రెండు కేటగిరీల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఉదాహరణకు 300కి 180 మార్కులు తెచ్చుకున్న అభ్యర్థికి నెట్ నుంచి 42 పాయింట్లు వస్తాయి. ఇంటర్వ్యూలో 20 వస్తే మొత్తం 62. మరొకరికి నెట్‌లో 162 మార్కులే వచ్చినా, ఇంటర్వ్యూలో 26 పడితే మొత్తం 63.8. అంటే 18 మార్కులు వెనకబడిన అభ్యర్థే ముందుకు వెళ్లిపోతారు. అందుకే ఇంటర్వ్యూను తేలిగ్గా తీసుకోవద్దు.

అసలు చిక్కు ఏడాది గడువుతోనే

రెండు, మూడు కేటగిరీల వాళ్ల నెట్ మార్కులు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఒక్క ఏడాదే చెల్లుతాయి. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. కానీ పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఎప్పుడు ఇవ్వాలన్నది యూనివర్సిటీ ఇష్టం. మీరు చేరాలనుకున్న యూనివర్సిటీ ఆ ఏడాదిలో నోటిఫికేషన్ ఇవ్వకపోతే స్కోరు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. మళ్లీ పరీక్ష రాయాల్సిందే. రెండో కేటగిరీ వాళ్ల అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు మాత్రం ఈ గడువు వర్తించదు.

2024లో ఏం జరిగిందో గుర్తుందిగా. జూన్ 18న నెట్ జరిగింది, మర్నాడే రద్దయింది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబర్ 4 వరకు మళ్లీ నిర్వహించారు. ఫలితాలు అక్టోబర్‌లో వచ్చాయి. దాంతో నెట్ మీదే ఆధారపడ్డ యూనివర్సిటీల అడ్మిషన్లు కూడా వెనక్కి జరిగాయి.

పైగా నెట్ స్కోరు వాడుకోవచ్చని యూజీసీ చెప్పిందే తప్ప, ప్రతి యూనివర్సిటీ సొంత పరీక్షను ఆపేయలేదు. జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ నెట్ వైపు మళ్లాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ స్టేట్ యూనివర్సిటీలకు ఏపీ ఆర్‌సెట్ ఉంది. ఉస్మానియా సొంత ఎంట్రన్స్ నిర్వహిస్తూ వచ్చింది. కాబట్టి ఒక్క నెట్‌నే నమ్ముకుని కూర్చోకూడదు.

సీట్లు ఎందుకు తక్కువ?

పీహెచ్‌డీ సీట్ల సంఖ్య క్లాస్‌రూమ్‌లో బెంచీలను బట్టి ఉండదు, గైడ్లను బట్టి ఉంటుంది. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకే సమయంలో గరిష్ఠంగా 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లు ఉండొచ్చు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఒక ప్రొఫెసర్ రిటైరై ఆ పోస్టు ఖాళీగా ఉండిపోతే 8 సీట్లు పోయినట్టే. రెండు తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లోనూ ఏళ్ల తరబడి అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉంటున్న సంగతి తెలిసిందే. రూల్ ఢిల్లీలో రాసినా, పోస్టులు నింపాల్సింది ఇక్కడే. నియామకాలు ఆగితే ఆ దెబ్బ నేరుగా పరిశోధన చేయాలనుకునే పిల్లల మీద పడుతోంది.

డబ్బుల సంగతేంటి?

జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000. ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ కింద రూ.42,000. ఇవి 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రేట్లు. మొత్తం ఐదేళ్ల వరకు ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. అయితే జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకు ఐదేళ్ల సడలింపు ఉంది.

జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నాన్ నెట్ ఫెలోషిప్ కింద నెలకు రూ.8,000. అదే స్టేట్ యూనివర్సిటీలో అయితే యూజీసీ నుంచి ఆ రూ.8,000 కూడా రావు. ఇక్కడే చాలామంది చదువు మధ్యలో ఆపేసి ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తోంది.

జేఆర్ఎఫ్ రాలేదని నిరాశ పడక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం ఏటా ఎస్సీలకు 2,000, ఎస్టీలకు 750, ఓబీసీలకు 1,000 నేషనల్ ఫెలోషిప్‌లు ఇస్తోంది. వీటి అర్హతలు, దరఖాస్తు తేదీలు వేర్వేరు. నెట్ ఫలితాలతో పాటు వాటి నోటిఫికేషన్లపైనా కన్నేసి ఉంచాలి.

దరఖాస్తుకు ముందు ఇవి చూసుకోండి

మీ స్కోరు గడువు ఎప్పటితో ముగుస్తోంది? ఆ యూనివర్సిటీ నెట్ స్కోరు తీసుకుంటుందా, సొంత పరీక్ష పెడుతుందా? మీ సబ్జెక్టులో ఖాళీ ఉన్న గైడ్లు ఎంతమంది? నోటిఫికేషన్‌లో రిజర్వేషన్ల వారీగా సీట్లు చూపించారా? ఫెలోషిప్ లేకపోతే కనీసం మూడేళ్లు ఎలా నెట్టుకొస్తారు?

మూడేళ్లని ఎందుకంటే.. అంతకంటే ముందు పీహెచ్‌డీ పూర్తి చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. మామూలు గడువు ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలు, దివ్యాంగులకు ఇంకో రెండేళ్లు అదనంగా దొరుకుతాయి. మహిళా స్కాలర్లకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది.

ర్యాంకు మీ చేతుల్లో ఉంది. కానీ నోటిఫికేషన్ సకాలంలో ఇవ్వడం, గైడ్ల పోస్టులు నింపడం యూనివర్సిటీలు, ప్రభుత్వాల చేతుల్లో ఉన్నాయి. నెట్ స్కోరుకు ఏడాది గడువు పెట్టినప్పుడు, ఆ ఏడాదిలో కనీసం ఒక్క నోటిఫికేషన్ అయినా వచ్చేలా చూడాలన్నది విద్యార్థులు అడగాల్సిన న్యాయమైన ప్రశ్నే.